కిటికీ గురించి మాట్లాడదామనుకున్నాం

తమ్ముడు: రికార్డ్ అవుతోంది అక్కా.

అక్క: ఎర్ర లైటు వెలిగిందా?

తమ్ముడు: వెలిగింది. పదిహేడో ఎపిసోడ్ గండం మళ్ళీ రాదులే. అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం కిటికీ. ఇంట్లోనే ఉండి బొమ్మలు వేసినవాళ్ళు, ఫొటోలు తీసినవాళ్ళు గంటలు గంటలు కిటికీ దగ్గర ఏం చూశారు, ఏం ఆలోచించారు అని. అసలు ఇప్పటిదాకా మిగిలిన ఫొటోల్లో అన్నిటికన్నా పాతదే కిటికీలోంచి తీసింది. 1826లోనో 1827లోనో ఫ్రాన్స్‌లో నియెప్స్ తన ఇంటి మేడ గదిలోంచి తీశాడు. లోహపు పలక మీద ఒక రకం తారు పూసి, గంటల తరబడి వెలుగుకి వదిలేశాడు. అందులో ఎండ రెండు వైపుల గోడల మీదా పడినట్టు ఉంటుంది. సూర్యుడు ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్ళేదాకా పలక చూస్తూనే ఉందన్నమాట. తర్వాత 1835లో ఇంగ్లండ్‌లో టాల్బట్ కూడా అంతే, సొంత ఇంటి కిటికీనే తీశాడు. మిగిలిన నెగెటివ్‌లలో అతి పాతది అదే.

అక్క: కెమెరా కళ్ళు తెరవగానే ఇల్లే చూసింది.

తమ్ముడు: అదే నాకు ఇష్టం. దూరం వెళ్ళలేదు.

అక్క: సరే, నేను హామర్స్‌హోయ్‌ని తెచ్చాను. డెన్మార్క్ చిత్రకారుడు, 1864లో పుట్టి 1916లో పోయాడు. 1898 నుంచి 1909 వరకు కోపెన్‌హాగెన్‌లో స్ట్రాండ్‌గేడ్ అనే వీధిలో 30వ నంబరు ఇంట్లో ఉన్నాడు. ఆ ఒక్క ఇంటినే అరవైకి పైగా బొమ్మలు వేశాడు. అవే గదులు, అవే తలుపులు. 1900లో వేసిన ఒకదానిలో మనిషి లేడు, కుర్చీ కూడా లేదు. ఒక కిటికీ, ఒక తలుపు, ఏటవాలుగా పడే ఎండ, ఆ ఎండలో తేలే దుమ్ము.

తమ్ముడు: వచ్చింది దుమ్ము. నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

అక్క: రానీ. గాలిలో దుమ్ము లేకపోతే ఆ ఎండ నీకు నేల మీద మచ్చలాగే కనిపించేది రా, మధ్యలో ఆ చార కనిపించేదా? మనం ఊడ్చి పారేసేదే అక్కడ వెలుగుకి ఒక ఆకారం ఇస్తోంది. ఆ బొమ్మ చూస్తే నాకు ఊపిరి మెల్లగా అవుతుంది.

తమ్ముడు: బొమ్మ బాగుంది, కాదనను. కానీ ఆ తలుపుకి పిడి ఏది?

అక్క: లేదు. వేయలేదు.

తమ్ముడు: మరి ఆ తలుపు ఎలా తీస్తారు? చూడు, అదే నా బాధ. భార్యాభర్తలు పదేళ్ళకు పైగా కాపురం ఉన్న ఇల్లు అది. ఆవిడ దువ్వెన ఎక్కడ పెట్టుకుంది? ఉతికిన బట్టలు ఎక్కడ? అన్నీ తీసేసి, భార్య ఈడాని అటు తిరిగి నిలబడమని, వీపు మాత్రం వేసి, ఇదే నిశ్శబ్దం అంటే నేను ఒప్పుకోను. నేను ఫొటో తీసేముందు గదిలో ఒక్క వస్తువు కూడా కదపను. గ్లాసు ఎక్కడుంటే అక్కడే. అది నా నియమం, నీకు తెలుసు.

అక్క: తెలుసు. ఎర్ర బకెట్ నాటి నుంచీ తెలుసు.

తమ్ముడు: ఆ బకెట్ ఫొటోకి ఇప్పటికీ ఉత్తరాలు వస్తున్నాయి!

అక్క: రానీ, మంచి ఫొటోనే. నువ్వు కదపవు, కానీ ఫ్రేమ్ కడతావు కదా. ఎడమ పక్కనున్న కుర్చీ ఫ్రేమ్ బయటికి పోతే నువ్వు తీసేసినట్టే. ఆయన కుంచెతో తీశాడు, నువ్వు రెండడుగులు పక్కకి జరిగి తీశావు.

తమ్ముడు: రెండూ ఒకటి కాదక్కా. నేను జరిగినా కుర్చీ ఆ ఇంట్లోనే ఉంది.

అక్క: పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ సంగతి చెప్పనా? పాలు పోసే ఆవిడ బొమ్మ. ఆవిడ వెనక ఖాళీ గోడ ఉంటుంది, ఒక మేకు, మేకుల బొక్కలు, అంతే. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వాళ్ళు లోపలి పొరలు స్కాన్ చేసి చూస్తే, ఆ గోడ మీద ముందు కూజాలు తగిలించే పలక ఉంది. కింద కుంపటి బుట్ట ఉంది. రెండూ మొదలుపెట్టి, ఆయనే కప్పేశాడు. ఆ పాల ధార మీద మన చూపు నిలబడటానికి కారణం ఆ తీసివేత. ఖాళీ ఊరికే దొరకలేదు ఆయనకి, కష్టపడి తెచ్చుకున్నాడు.

తమ్ముడు: సరే, అదే వెర్మీర్‌ది ఇంకొకటి. కిటికీ దగ్గర ఉత్తరం చదివే అమ్మాయి, డ్రెస్‌డెన్‌లో ఉన్నది. నీ గదిలో ప్రింట్ ఉండేది.

అక్క: ఉండేది.

తమ్ముడు: వెనక తెల్లటి ఖాళీ గోడ. ఎంత నిశ్శబ్దమో అని నువ్వే నాకు చూపించావు. 1979లో ఎక్స్‌రే తీస్తే ఆ గోడ మీద పెద్ద మన్మథుడి పటం ఉందని తేలింది. చాలాకాలం వెర్మీరే కప్పేశాడని అనుకున్నారు. తర్వాత చూస్తే ఆ రంగు వేసింది వేరేవాళ్ళు, ఆయన పోయాక. 2021లో అంతా గీకేసి పటాన్ని బయటికి తెచ్చారు. నువ్వు ఇన్నేళ్ళు ప్రేమించిన నిశ్శబ్దం ఇంకెవరో పూసిన సున్నం.

అక్క: అది ఎలా తెలిసిందో చెప్పు.

తమ్ముడు: అక్కా, వద్దు.

అక్క: చెప్పు. వార్నిష్‌కి, పైన పూసిన రంగుకి మధ్య మురికి పొర దొరికింది. దశాబ్దాల మురికి. అంటే అన్నేళ్ళు ఆ బొమ్మ అలాగే గోడకి వేలాడాక ఎవరో కప్పారు. సాక్ష్యం చెప్పింది దుమ్మే.

తమ్ముడు: దుమ్మే, ఒప్పుకున్నాను. కానీ నా మాట కూడా నిలబడింది కదా? సర్దడం అంటే ఒకరి జీవితాన్ని ఇంకొకరు చెరపడం కూడా. నువ్వు ఎప్పుడూ సర్దేస్తావు. ఆ రోజు కూడా అంతే.

అక్క: ఏ రోజు?

తమ్ముడు: పాత ఇల్లు ఖాళీ చేసిన రోజు. ఆదివారం రమ్మన్నావు, కెమెరా తీసుకుని వచ్చాను. సామాను అప్పటికే వెళ్ళిపోయింది.

అక్క: లారీ శనివారమే దొరికింది.

తమ్ముడు: ఒక ఫోన్ చేయాల్సింది.

అక్క: చేయాల్సింది.

(కాసేపు మాటలు లేవు)

తమ్ముడు: నేను ఒక ఫిల్మ్ రోల్ మొత్తం తెచ్చుకున్నాను, ముప్పై ఆరు ఫొటోలు. వంటింటి అలమర ఉన్నది ఉన్నట్టుగా, దండెం మీద బట్టలతో సహా తీయాలనుకున్నాను. ఏమీ లేదు. గోడల ఫొటోలు తీసుకుని వచ్చాను. ఇల్లు పోయాక దాని నీడ తీసినట్టు. ఆ నెగెటివ్‌లు నేను మళ్ళీ తీసి చూడలేదు.

అక్క: నేను చూశాను. నువ్వు ఇచ్చిన కాంటాక్ట్ షీట్, అదే రోల్ మొత్తం చిన్న చిన్నగా అచ్చేసిన కాగితం, నా దగ్గరే ఉంది. ఈజిల్ పక్కన గోడకి అంటించి నాలుగు నెలలైంది.

తమ్ముడు: నాకు చెప్పలేదేం?

అక్క: పూర్తయ్యాక చెబుదామని. తొమ్మిదో ఫ్రేమ్. గోడ గడియారం ఉన్నచోట గుండ్రంగా తెల్లటి మచ్చ. మొదట్లో ఆ మచ్చ వేయాలని కూర్చున్నాను, ఎంత వేసినా అతికించిన కాగితంలా వచ్చేది. రెండు నెలలు పోయాక అర్థమైంది. మచ్చ మచ్చ కాదు, అదే గోడ అసలు రంగు. చుట్టూ ఉన్నదే మచ్చ. వంటింటి పొగ, చేతుల జిడ్డు, పదకొండేళ్ళ దుమ్ము. అంటే మనం. సామాను ఉండగా నువ్వు వచ్చి తీసుంటే గడియారం వచ్చేది, ఇది వచ్చేది కాదు. నేను ఫోన్ చేయకపోవడం తప్పే, దానికి ఇది సమాధానం కాదు. కానీ ఆ ఫొటోలు నీడలు మాత్రం కాదు రా.

తమ్ముడు: ఊఁ.

అక్క: ఇటలీ చిత్రకారుడు మొరాండి కూడా అందుకే... బొలోన్యాలో చెల్లెళ్ళతో ఉండేవాడు, పడుకునే గదే పని చేసే గది. తన దగ్గరున్న సీసాలనే జీవితమంతా వేశాడు. వాటి మీద దుమ్ము తుడవనిచ్చేవాడు కాదు. మెరుపు పోవాలని కొన్నిటికి రంగు కూడా పూశాడు. నువ్వన్న కదపకపోవడం, నేనన్న సర్దడం, రెండూ ఒకే బల్ల మీద చేశాడు ఆయన.

తమ్ముడు: కిటికీ... మన విషయం కిటికీ. టైమ్ అయిపోతోంది, ఇద్దరి గురించి చెప్పేస్తాను. ప్రాగ్‌లో యోసెఫ్ సుదెక్ అనే ఫొటోగ్రాఫర్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే తీశాడు. మొదట్లో బయట నాజీల ఆక్రమణ, లోపల అద్దం మీద చెమ్మ, అవతల మసగ్గా ఒక చెట్టు. ఒంటి చేత్తో పెద్ద కెమెరా. తర్వాత కెర్తేస్, ఈయనా ఫొటోగ్రాఫరే. 1977లో భార్య ఎలిజబెత్ పోయాక న్యూయార్క్‌లో ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్నాడు. ఒక చిన్న గాజు బొమ్మ కొన్నాడు, తలా భుజాలూ ఉన్నది, ఆవిడలా అనిపించి. దాన్ని కిటికీలో పెట్టి పోలరాయిడ్‌తో తీశాడు. ఎనభై దాటిన మనిషి.

అక్క: పెట్టాడన్నావు.

తమ్ముడు: ఏంటి?

అక్క: గాజు బొమ్మని కిటికీలో పెట్టాడు. కదిపాడు.

తమ్ముడు: ...పెట్టాడు. అవును. ఆయన్ని ఏమీ అనలేను. దీని గురించి నేను ఆలోచించాలి.

అక్క: ఆలోచించు.

తమ్ముడు: నీ బొమ్మ చూడొచ్చా?

అక్క: అటు తిప్పి పెట్టాను, నువ్వే తిప్పుకో. మెల్లగా, అంచులు ఇంకా తడిగా ఉన్నాయి.

(కుర్చీ జరిపిన చప్పుడు)

తమ్ముడు: అక్కా... ఈ పక్క బూడిదరంగు ఎలా తెచ్చావు? ఇది నా ఫొటోలో లేదు. ఇది నిజంగా ఆ గోడే. సాయంత్రం దీపం వేయకముందు అలాగే ఉండేది.

అక్క: అలాగే ఉండేది.

తమ్ముడు: ఆగు. మధ్యలో మేకు ఉండాలి. గడియారం మేకు. ఫొటోలో ఉంది, నాకు బాగా గుర్తుంది.

అక్క: ఉంది.

తమ్ముడు: తీసేశావా?

అక్క: మూడుసార్లు వేసి తీశాను.

తమ్ముడు: మేకు ఉండాలక్కా. దాని మీదే కదా గడియారం...

అక్క: మైక్ ఆపు, చూపిస్తాను ఎందుకో.