పాత షెవర్లే పికప్‌కి వాక్యూమ్ గేజ్: ఏది కొనాలి, ఎక్కడ కలపాలి, ముల్లు ఏం చెబుతుంది

నమస్కారం అండి. ఇవాళ టేబుల్ మీద రెండు వాక్యూమ్ గేజ్‌లు ఉన్నాయి. ఎడమ వైపుది 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సీ10 పికప్ డాష్‌బోర్డ్‌లోది, కంపెనీ బిగించిన ఒరిజినల్. కుడి వైపుది ఇప్పుడు దొరికే 52 మిల్లీమీటర్ల మెకానికల్ గేజ్, డాష్ కింద బ్రాకెట్‌కి బిగించుకునేది. ముందే చెప్పేస్తాను. బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే నిలబెట్టాలంటే ఒరిజినల్ కోసం వెతకండి, కాకపోతే అది అరుదు, రేటు కూడా ఎక్కువే. ఇంజన్ పరిస్థితి తెలుసుకోవడం కోసమైతే కుడి వైపుదే తీసుకోండి. ఒక్క షరతు, దాని మీద అంకెలు ఉండాలి. కొన్నింటిలో పచ్చ, ఎరుపు పట్టీలు మాత్రమే ఉంటాయి. పెట్రోల్ పొదుపు చూసుకోవడానికి అవి చాలు, ఇంజన్‌లో లోపం పట్టుకోవడానికి చాలవు.

ఈ గేజ్ కొలిచేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టాల్లో, పీల్పు. కార్బొరేటర్ త్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే పలక) మూసి ఉన్నప్పుడు పిస్టన్లు గాలి కోసం లాగుతాయి, లోపలికి రావడానికి దారి ఉండదు, అందుకే పీల్పు ఎక్కువ. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే దారి తెరుచుకుంటుంది, ముల్లు సున్నా దగ్గరికి పడిపోతుంది. 1947 నుంచి 1953 దాకా వచ్చిన షెవర్లే పికప్‌లలో వైపర్లు ఈ పీల్పుతోనే ఆడేవి. వానలో ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే వైపర్లు మందగించేవి. అదే ఈ గేజ్‌లో సున్నా.

స్కేలు 0 నుంచి 30 మెర్క్యురీ అంగుళాలు, అంటే పీల్పుని పాదరసం ఎత్తుతో కొలిచే లెక్క. మార్పులు చేయని, ఆరోగ్యంగా ఉన్న 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 మధ్య కదలకుండా నిలబడాలి. ఇది సముద్ర మట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు ఒక అంగుళం తగ్గించుకోండి. డెన్వర్ 5280 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ 14 చూపిస్తే గాబరా పడక్కర్లేదు. హైదరాబాద్‌లో పాత పెట్రోల్ కార్బొరేటర్ బండికి పెడితే ఒకటిన్నర, రెండు అంగుళాలు తగ్గించి చూడండి. డీజిల్ పికప్‌కి మాత్రం ఇది కొనకండి. మామూలు డీజిల్ ఇంజన్‌లో గాలిని ఆపే త్రాటిల్ ఉండదు, మానిఫోల్డ్‌లో పీల్పు పుట్టదు. బ్రేక్ బూస్టర్ (పీల్పుతో బ్రేక్ పెడల్‌కి సాయం చేసేది) కోసం విడిగా వాక్యూమ్ పంపు పెట్టేది అందుకే.

ఇప్పుడు బిగింపు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గొట్టాన్ని కార్బొరేటర్ మీద కనిపించిన ఏ నాజిల్‌కి పడితే దానికి పెట్టకండి. కొన్ని త్రాటిల్ ప్లేటు పైన తెరుచుకుంటాయి, ఐడ్లింగ్‌లో వాటిలో పీల్పు దాదాపు ఉండదు. గేజ్ పెట్టి చూస్తే సున్నా దగ్గర ఉండి, రేజ్ చేస్తేనే లేస్తుంటే అది తప్పు పోర్ట్. మనకి కావలసింది ప్లేటు కింద, మానిఫోల్డ్‌లో కార్బొరేటర్‌కి దగ్గరగా, అన్ని సిలిండర్లూ పంచుకునే చోటు. ఒక్క సిలిండర్‌కి వెళ్లే దారిలో కలిపితే ఆ సిలిండర్ లాగుడుకే ముల్లు కొట్టుకుంటుంది. బ్రేక్ బూస్టర్ గొట్టంలో టీ ఆకారపు జాయింట్ పెట్టాలంటే చెక్ వాల్వ్‌కి (గాలిని ఒక వైపే వదిలేది) మానిఫోల్డ్ వైపే పెట్టండి. బూస్టర్ వైపు పెడితే వాల్వ్ పట్టి ఉంచిన పాత పీల్పే చూపిస్తూ ఉంటుంది.

ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ, ఫైర్‌వాల్, దాని రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రింగు) తప్పనిసరి. అది లేకపోతే రేకు అంచు గొట్టాన్ని కొంచెం కొంచెంగా కోస్తుంది. గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తగలకూడదు, డాష్ వెనక మడత పడకూడదు. గేజ్ బల్బు వైరుని డాష్ లైట్ల డిమ్మర్ సర్క్యూట్‌కి ఇవ్వండి, ఈ జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో అది బూడిద రంగు వైరు. ప్లాస్టిక్ ప్యానెల్‌లో బిగిస్తే విడిగా ఎర్త్ వైరు లాగాలి.

ఇక చాలా మంది వదిలేసే చిన్న ముక్క. కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి. గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో గుండుసూది దూరేంత రంధ్రం. దీన్ని రిస్ట్రిక్టర్ అంటారు. ఇది గొట్టంలో లేకపోతే సిలిండర్ల లాగుడు నేరుగా ముల్లుకి తగిలి అది వణుకుతూనే ఉంటుంది, రీడింగ్ చదవలేరు, గేజ్ లోపలి పళ్లు కూడా అరుగుతాయి. దీన్ని గేజ్ వైపు కాకుండా ఇంజన్ వైపు పెట్టండి. రేపు గొట్టం తెగినా ఆ సన్న రంధ్రం గుండా వెళ్లే గాలి తక్కువ, ఐడ్లింగ్ పెద్దగా చెడదు.

అయితే దీనితో ఒక నష్టం ఉంది. ముల్లుని నిలకడగా ఉంచేది ఇదే, జబ్బుని దాచేదీ ఇదే. 600 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో ఒక్కో సిలిండర్ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకి 5 సార్లు పేలుతుంది. ఒక వాల్వ్ కాలిపోతే ముల్లు సెకనుకి 5 సార్లు, కొలిచినట్టు చిన్నగా కిందికి కొట్టాలి. రంధ్రం మరీ సన్నమైతే ఆ దెబ్బ ముల్లు దాకా రాదు. అందుకే నడిపేటప్పుడు రిస్ట్రిక్టర్ ఉంచండి, లోపం వెతికేటప్పుడు తీసేయండి.

తీశాక ఏం చూడాలి? అంకె కన్నా ముల్లు నడక ముఖ్యం. 14, 15 దగ్గర కదలకుండా నిలబడితే ముందు ఇగ్నిషన్ టైమింగ్ చూడండి, వెనకబడి ఉండొచ్చు. 3 నుంచి 5 మధ్య పడి ఉంటే మానిఫోల్డ్ లేదా కార్బొరేటర్ గాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది. అంచుల వెంట నీళ్లు స్ప్రే చేయండి, ఎక్కడ ముల్లు లేస్తే లీకు అక్కడే. కార్బ్ క్లీనర్ వాడకండి, ప్లగ్ వైర్ల దగ్గర స్పార్క్ లీకైతే మంట అంటుకుంటుంది. ఐడ్లింగ్‌లో వేగంగా వణికి, రేజ్ చేస్తే నిలబడితే వాల్వ్ గైడ్లు అరిగాయి. రేజ్ చేసే కొద్దీ వణుకు పెరిగితే వాల్వ్ స్ప్రింగులు నీరసించాయి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు ముల్లు మెల్లగా జారుతూ పోతే ఎగ్జాస్ట్‌లో అడ్డు ఉంది. ఈ సీ10లలో కాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే భాగం) లేదు కాబట్టి నలిగిన పైపు, పూడిన సైలెన్సర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర బిగుసుకుపోయిన హీట్ రైజర్ వాల్వ్ (చల్లటి ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వేడిని మళ్లించేది) చూడండి.

ఎవరైనా ముందే పెద్ద క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లని ఎక్కువగా తెరిచేది) వేసి ఉంటే 10, 12 చూపించడం దాని లక్షణం, లోపం కాదు. కానీ ఆ పీల్పుతో బ్రేక్ బూస్టర్ సరిగా సాయం చేయదు, పెడల్ గట్టిపడుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కార్బొరేటర్ మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) సర్దడానికీ ఇదే గేజ్. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కార్బొరేటర్ మీది రెండు మిక్స్చర్ స్క్రూలనీ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున తిప్పండి, ముల్లు ఎక్కడ అన్నిటికన్నా పైకి వెళ్తే అక్కడ ఆపండి. ఐడ్లింగ్ వేగం పెరిగితే తగ్గించి మళ్లీ మొదటి నుంచి చూడండి.

రోడ్డు మీద ముల్లుని 10కి పైన ఉంచుతూ నడిపితే పెట్రోల్ ఆదా అవుతుంది. 6, 7 కిందికి పడితే చాలా కార్బొరేటర్లలో అదనపు పెట్రోల్ దారి తెరుచుకుంటుంది. ఎత్తు మీద పాదం కొంచెం వదిలితే వేగం అంతగా పడదు, ముల్లు మాత్రం రెండు మూడు అంగుళాలు లేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఒరిజినల్ కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు చేతి వాక్యూమ్ పంపు తగిలించి 20 దాకా లాగి, ఒక నిమిషం ఆగండి. ముల్లు జారితే లోపల లీకు ఉంది. వదిలాక సున్నాకి రాకపోయినా అది చదివే అంకెని నమ్మలేం. అద్దం పగిలినా, అంకెల రంగు వెలిసినా బాగు చేయించుకోవచ్చు. ఈ పరీక్షలో తప్పిన గేజ్‌కి మాత్రం పూర్తి రేటు ఇవ్వకండి.