తాళంచెవి ఇచ్చిన మర్నాడు

శ్రోతలకు నమస్కారం.

నేను 31 ఏళ్ళు పేదల ఇళ్ళు కట్టించే పనిలో ఇంజినీరుగా ఉన్నాను. పునాదులు తీయించడం, శ్లాబులు వేయించడం, బిల్లులు రాయడం, ఆఖర్న షామియానా వేయించి పెద్దల చేత తాళంచెవులు ఇప్పించడం. ఇదీ ఉద్యోగం. తాళంచెవి ఇచ్చిన మర్నాటి నుంచి ఆ కాలనీకి నేనేమవుతానో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కాలనీవాళ్ళు అడిగారు. మధురవాడ అవతల మేం కట్టిన కాలనీ ఒకటుంది. కొండవాలు పాకల్లోంచి తరలివచ్చిన కుటుంబాలు. ఇళ్ళిచ్చిన ఏడాదికి వేరే పని మీద అటు వెళితే ఒకావిడ జీపుకి అడ్డంగా నిలబడింది. "బాబూ, మోటారు కాలిపోనాది. మూడ్రోజులై నీళ్ళు నేవు. ఎవుల్నడగాల?"

నిజంగానే ఆలోచించాను. మోటారు బిగించింది మేమే గానీ గ్యారంటీ గడువు దాటింది. నీళ్ళిచ్చేవాళ్ళ బాధ్యత సంపు దాకానే. కరెంటు మీటరు అసోసియేషన్ పేరున ఉంది. ఆ అసోసియేషన్ కాగితం మీద పుట్టిందే తప్ప ఒక్కసారీ కూర్చోలేదు. "కనుక్కుని చెప్తానమ్మా" అని జీపెక్కేశాను. ఇవాళ మాట్లాడ్డానికి ఒప్పుకున్నది ఆ జవాబు ఇంకా గుచ్చుకుంటూ ఉండబట్టే.

మన దగ్గర ఇల్లు కట్టేవాడికి పేరుంది, లబ్ధిదారుల జాబితా రాసేవాళ్ళకి హోదా ఉంది, బ్యాంకు లోను ఇప్పించడానికి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా మనుషులున్నారు. కట్టిన ఇంటిని, అందులోని మనుషుల్ని కలిపి చూసుకునేవాడికే పేరు లేదు. లండన్‌లో ఈ పనికి పునాది వేసింది ఒక మహిళ, ఆక్టేవియా హిల్. 1865లో జాన్ రస్కిన్ అనే రచయిత డబ్బు పెడితే మేరిల్‌బోన్ మురికివాడలో మూడు పాత ఇళ్ళు తీసుకుంది. వారం వారం అద్దెకి తనే తలుపు తట్టేది. తట్టినప్పుడే ఏ కిటికీ విరిగిందో, ఏ ఇంట్లో జబ్బు చేసిందో కంటబడేది. మరమ్మతులకని ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టి, మిగిలితే దాంతో ఏం చేయించుకోవాలో అద్దెకున్నవాళ్ళనే తేల్చుకోమనేది. సామాను పగలగొట్టకుండా చూసుకుంటే ఆ లాభం వాళ్ళదే! ఆమె పద్ధతిలో కొంత పెత్తందారీతనం ఉంది, కాదనను. కానీ వసూలూ మరమ్మతూ ఒకే మనిషి చేతిలో ఉండాలన్న సంగతి ఆమె పట్టుకుంది. మనం ఆ రెంటినీ రెండు ఆఫీసులకి పంచేశాం.

ఇక మన విశాఖ సంగతి. ఇక్కడ ఇంటికి మొదటి శత్రువు గాలి. జాలరిపేట వైపు గ్రిల్లుకి రంగేసి రెండు వానాకాలాలు దాటనివ్వండి, చూద్దాం. ఉప్పుగాలికి, చెమ్మకి కాంక్రీటులోపలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని తోసేస్తుంది. అదే పెచ్చు ఊడటం. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో ముందు చూడాలి. చాలాసార్లు అది పైవాళ్ళ బాత్‌రూమ్ పైపు. అప్పుడది ఇంజినీరు పని కాదు, రెండిళ్ళ మధ్య రాజీ పని.

పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్ళు వచ్చాక ఇంకో చిక్కు. 300, 365, 430 చదరపు అడుగుల్లో షియర్‌వాల్ పద్ధతిలో కట్టినవి. షట్టరింగ్ బిగించి గోడని కూడా కాంక్రీటుతోనే పోస్తారు, పైఅంతస్తుల బరువంతా ఆ గోడే మోస్తుంది. మనవాళ్ళకి ఇటుకగోడ అలవాటు. వంటింటికి దారి పెట్టుకుందామని మేస్త్రీని పిలిచి సుత్తి వేయించేవాళ్ళని చూశాను. కోపగించుకుని లాభం లేదు, ఆ గోడ వేరని వాళ్ళకి చెప్పిందెవరు? తాళంచెవితో పాటు నాలుగు వాక్యాల కాగితం ఇచ్చి ఉంటే సరిపోయేది.

లాటరీలో మూడో అంతస్తు వచ్చిన ముసలమ్మల సంగతి వేరే చెప్పాలా? లిఫ్టు లేదు. కింద కుర్రజంట ఉంటుంది, పైన మోకాళ్ళ నొప్పుల మామ్మ ఉంటుంది. మార్చుకుంటామని ఇద్దరూ ఒప్పుకున్నా, రాసుకునే రిజిస్టరు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినరోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలి వస్తోందంటే ఏ బ్లాకులో ఏ అంతస్తులో మంచం మీదున్న మనిషి ఉన్నాడో ఎవరి పుస్తకంలో చూడాలి? ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోయినవాళ్ళుంటే లోపలున్నదెవరో కూడా తెలీదు.

డబ్బు మాట. బ్లాకుకి 32 ఇళ్ళనుకోండి, నెలకి 150 చొప్పున 4,800 రూపాయలు. పదిళ్ళు ఇవ్వకపోతే 1,500 లోటు. మరుసటి నెల ఇచ్చేవాళ్ళు కూడా "వాళ్ళివ్వనిది మేమెందుకు?" అంటారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 1950లలో పేదల కోసం కట్టిన 33 పదకొండంతస్తుల భవనాల కథలో ఇదీ ఒక ముఖ్యమైన పేజీ. నిర్వహణంతా అద్దెల మీదే నడవాలి. జనం ఖాళీ చేసేకొద్దీ అద్దె తగ్గింది, అద్దె తగ్గేకొద్దీ మరమ్మతు ఆగింది. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. మన జనం ఇవ్వలేక మానేస్తారని నేననుకోను, లెక్క కనబడక మానేస్తారు.

ఇలా ఇళ్ళు చూసుకునే మనిషికి ఇవ్వాల్సిన శిక్షణ దగ్గరికొస్తాను. ఇంగ్లండులో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ళ భవనం తగలబడి 72 మంది పోయారు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు ఇంట్లో బూజు వల్ల ఊపిరాడక చనిపోయాడు. వాళ్ళ నాన్న అంతకు మూడేళ్ళ ముందే ఫిర్యాదు చేస్తే, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థవాళ్ళు పైన రంగు వేసుకోమన్నారు. ఆ మాట నా జీపు మాటలాగే వినిపించింది నాకు. 2023లో అక్కడ చట్టం చేశారు. ఇలాంటి ఇళ్ళు చూసే పైస్థాయి మేనేజర్లకి అందుకు తగ్గ చదువుండాలి, బూజు ఫిర్యాదుని గడువులోగా చూడాలి. మనకి ఢిల్లీలో ఇళ్ళకి అప్పులిచ్చే కేంద్ర సంస్థ హడ్కో వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది, మంచిదే. కానీ మన కాలనీలో పనిచేసే మనిషి ఢిల్లీ వెళ్ళేదెప్పుడు? పదిరోజులు ఇక్కడే, ఒక పాత కాలనీలోనే తిప్పాలి. ఒక ప్లంబరు దగ్గర రెండురోజులు, లెక్కల పుస్తకం దగ్గర రెండురోజులు, మిగతా రోజులు గుమ్మం ముందు కూర్చుని తిట్లు వినడం.

ఆ జీపుకి అడ్డం నిలబడినావిడని మొన్న మళ్ళీ కలిశాను. ఇప్పుడు ఆ బ్లాకు మోటారు ఆవిడే చూసుకుంటోంది, జీతం లేదు. ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు, మోటారు ఎన్నింటికి వేసింది, ప్లంబరుకెంతిచ్చింది, అన్నీ పిల్లల నోటుపుస్తకంలో రాస్తోంది. మెట్ల గోడ మీద కూడా సుద్దతో రాస్తుంది. పుస్తకం నిండిపోవచ్చిందట. "కొత్తది కొంటే ఆ యాభై ఏ కాతాలో రాయాల బాబూ?" అని అడిగింది.

ఈసారి జీపు లేదు. పక్కన కూర్చుని పుస్తకం తీయమన్నాను.