వైరల్ లోడ్ కనపడకపోతే మాత్ర మానేయొచ్చా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. హెచ్‌ఐవీ సోకితే మన రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుంది, ఎక్కడ ఓడిపోతుంది అన్నది ఈరోజు అంశం. డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. పన్నెండు రోజుల కిందట ఒక పొరపాటు జరిగింది. నిన్న పరీక్ష చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

డాక్టర్: అప్పుడే అలా అనుకోవద్దు బాబూ. ఏ పరీక్ష? వేలికి సూది గుచ్చి, చిన్న కార్డు మీద చుక్క వేశారా?

శ్రోత: అవునండీ, ఇరవై నిమిషాల్లో చెప్పేశారు.

డాక్టర్: అలాంటి కార్డులు ఎక్కువగా వెతికేది యాంటీబాడీల కోసం. అవి వైరస్‌వి కావు, వైరస్‌ను చూశాక మన ఒళ్లు తయారు చేసుకునేవి. కార్డుకు దొరికేంతగా తయారవడానికి కొందరికి 23 రోజులు చాలు, కొందరికి 90 రోజులు కావాలి. పన్నెండో రోజు నెగెటివ్ వస్తే దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. నరం నుంచి రక్తం తీసి పీ24 అనే వైరస్ ప్రోటీన్నీ, యాంటీబాడీనీ కలిపి చూసే ల్యాబ్ పరీక్ష ఉంది. 45 రోజులు నిండాక అది చేయించండి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి, రక్తదానం చేయొద్దు. వింటున్న మిగతావాళ్లకు కూడా చెబుతున్నా. ఇలాంటిది జరిగి 72 గంటలు దాటకపోతే పరీక్ష కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 28 రోజుల నివారణ మందులు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాల్.

శ్రోత: హలో... డాక్టర్ గారూ, నా మాట వినపడుతోందా అండీ? మా ఆయనకీ నాకూ ఇద్దరికీ ఉందండీ. నాలుగేళ్లుగా మందులు వాడుతున్నాం, ఒక్క రోజు కూడా తప్పలేదు. పోయినసారి సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్క 640 వచ్చిందండీ, ఈసారి 520కి పడిపోయింది. వైరల్ లోడ్, అదే రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది, అది మాత్రం కనపడలేదని రాశారు. నాకైతే జలుబు కూడా లేదు, బరువు పెరిగాను. మా ఆయన ఏమంటారంటే, వైరస్ లేదు కదా, ఇక మాత్రలు దేనికి అంటారు. మరి లేకపోతే సీడీ4 ఎందుకు పడింది? అదీ నా అనుమానం.

డాక్టర్: రెండూ చెబుతానమ్మా. రిపోర్టు చేతిలో ఉందా? 520 పక్కన శాతం గుర్తుతో ఇంకో అంకె ఉంటుంది, చూడండి.

శ్రోత: ఉండండి... 30 అని ఉందండీ. పాతదాంట్లో 31.

డాక్టర్: మీ సీడీ4 ఏమీ పడలేదు తల్లీ. ఆ 520 ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఉన్న సీడీ4 కణాల లెక్క. ఉదయం తీసిన రక్తానికీ సాయంత్రం తీసినదానికీ తేడా వస్తుంది, చిన్న జ్వరం వచ్చి పోయినా మారుతుంది. శాతం అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో సీడీ4 కణాల వాటా, అది అంతగా ఊగదు. 31 నుంచి 30 తేడానే కాదు. వైరల్ లోడ్ అణిగి ఉన్నంతకాలం ఒక్క రిపోర్టులో వంద తగ్గిందని బెంగ పెట్టుకోవద్దు.

శ్రోత: అమ్మయ్య. అయితే వైరస్ పోయినట్టేనా అండీ? మాత్ర మానేయొచ్చా?

డాక్టర్: మానొద్దు. ఒంట్లో బాగుండటం వేరు, వైరస్ లేకపోవడం వేరు. సీడీ4 కణం తనంతట తాను వైరస్‌ను చంపే కణం కాదు. యాంటీబాడీలు చేసే బీ కణాలకూ, సోకిన కణాలను చంపే సీడీ8 కణాలకూ పని పురమాయించే కణం. హెచ్‌ఐవీ దూరేది సరిగ్గా అందులోకే. లోపలికి వెళ్లాక తన జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని మన జన్యువుల మధ్య అతికించుకుంటుంది. మొదటి రెండు నాలుగు వారాల్లో మిల్లీలీటరు రక్తంలో వైరస్ లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో ఉంటుంది. చాలామందికి అప్పుడే జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో బిళ్లలు కట్టడం. పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాలు చాలావరకు ఆ వారాల్లోనే నాశనమవుతాయి. తర్వాత సీడీ8 కణాలు రంగంలోకి దిగి సోకిన కణాలను చంపుతాయి, లోడ్ దిగుతుంది, జ్వరం పోతుంది. మందు లేకుండానే తగ్గింది కాబట్టి మామూలు జ్వరమే అనుకుంటారు. లోడ్ దిగుతుందే గానీ సున్నా కాదు.

శ్రోత: మరి నాకు కనపడలేదన్నారు కదండీ. అదే అడుగుతున్నా, మానేస్తే ఏమవుతుంది?

డాక్టర్: అమ్మా, ఇప్పుడే చెప్పాను కదా, మానొద్దని! సరే, కోప్పడటం లేదు, వినండి. సోకిన కణాల్లో కొన్ని పనిచేయకుండా నిద్రలోకి జారుకుంటాయి. వాటిలో వైరస్ డీఎన్‌ఏ ఉంటుంది, కొత్త వైరస్ మాత్రం పుట్టదు. పుట్టనిది రక్తంలో కనపడదు, సీడీ8 కణం కూడా గుర్తుపట్టలేదు. మాత్ర ఆపేది కొత్త వైరస్ కొత్త కణంలోకి పాకడాన్నే, నిద్రలో ఉన్నదాన్ని తీసేయలేదు. ఆ కణాలు సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు. పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లకు పైగా పడుతుందని లెక్క. మాత్ర మానితే వాటిలో ఏదో ఒకటి మేలుకుంటుంది, చాలామందిలో రెండు నాలుగు వారాల్లోనే లోడ్ మళ్లీ లేస్తుంది.

శ్రోత: మా ఆయన, కొన్నాళ్లు ఆపి, సీడీ4 తగ్గితే మళ్లీ వేసుకుందాం అంటున్నారండీ.

డాక్టర్: అది చేసి చూశారమ్మా. స్మార్ట్ అనే అధ్యయనంలో 5,472 మందిని తీసుకుని, అందులో సగం మందికి సీడీ4 350 దాటితే మందు ఆపారు, 250 కంటే తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆపినవాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గి వచ్చే జబ్బులూ మరణాలూ రెండున్నర రెట్లు ఎక్కువ. మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాట చెప్పండి. నాలుగేళ్లు ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నారు, చాలా గొప్ప విషయం. దాన్ని పాడు చేసుకోవద్దు.

శ్రోత: చెబుతానండీ. చాలా సంతోషం.

యాంకర్: తర్వాత ఎవరు?

శ్రోత: సార్, నేను విద్యార్థిని. యాంటీబాడీలు వస్తాయి కదా, అవెందుకు ఆపలేవు? టీకా ఎందుకు రాలేదు?

డాక్టర్: మంచి ప్రశ్న. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను నకలు తీసేటప్పుడు తప్పులు చేస్తుంది, దిద్దుకోదు. రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు, అందులో రకరకాల మార్పులు. వైరస్‌ను అడ్డుకోగల యాంటీబాడీ తయారయ్యేసరికి నెలలు పడుతుంది, ఈలోగా వైరస్ పైతొడుగు మారిపోతుంది. పైగా ఆ తొడుగు నిండా చక్కెర అణువులు, యాంటీబాడీకి పట్టు దొరకదు. చాలా రకాలను ఒకేసారి అడ్డుకునే యాంటీబాడీలు కొద్దిమందిలోనే వస్తాయి, అదీ ఏళ్ల తర్వాత. ఆర్‌వీ144 అనే టీకా ప్రయోగంలో 2009లో 31 శాతం రక్షణే కనిపించింది, అది చాలదు. మందు లేకుండా వైరస్‌ను అణచిపెట్టగలిగేవాళ్లు వందలో ఒకరికన్నా తక్కువ.

యాంకర్: థాంక్యూ. హలో?

శ్రోత: సార్, మా పాపకు నాలుగు నెలలు, యాంటీబాడీ పరీక్ష పాజిటివ్...

డాక్టర్: ఆ యాంటీబాడీలు తల్లివి కావచ్చు, 18 నెలల దాకా ఉండొచ్చు. పాపకు పీసీఆర్, అంటే వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష చేయించారా? ఆరు వారాలప్పుడే చేయాలి. హలో?

యాంకర్: లైన్ కట్ అయింది.

డాక్టర్: ఆవిడ వింటుంటే, రేపే పీసీఆర్ చేయించండమ్మా. పాపకు రాసిన మందులు ఆపకండి.

యాంకర్: చివరి కాల్.

శ్రోత: డాక్టర్ గారూ, తమ్ముడికి సీడీ4 90 ఉంటే నెల కిందట మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు జ్వరం, విపరీతమైన తలనొప్పి. మందులు పడలేదని ఆపేద్దామనుకుంటున్నాం.

డాక్టర్: ఆపకండి! మందు పనిచేయడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. సీడీ4 కోలుకునే కొద్దీ, అంతకుముందు ఒంట్లో దాగి ఉన్న క్షయ మీదో, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మీదో దాడి మొదలవుతుంది. ఆ వాపే జ్వరంగా బయటపడుతుంది. తలనొప్పి అంటే మెదడు పొరల్లో కావచ్చు. మెడ వంచగలుగుతున్నాడా?

శ్రోత: బిగుసుకుపోయిందంటున్నాడండీ. వాంతులు కూడా.

డాక్టర్: ఇక ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. సీడీ4 90 అని, మందు మొదలుపెట్టి నెలైందని, మెడ పట్టేసిందని ఈ మూడూ అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పండి. వేసుకుంటున్న మాత్రల డబ్బా వెంట తీసుకెళ్లండి.

శ్రోత: బయల్దేరుతున్నామండీ.

యాంకర్: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి ధన్యవాదాలు.