కంటిలోని ఖాళీ కంటికి కనిపించదు

సభకు నమస్కారం. లోపలికి వచ్చేటప్పుడు అందరికీ ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చారు కదా. ముందు వాటితో ఒక పని చేద్దాం, మాటలు తర్వాత.

కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. ఎడమవైపు చిన్న ఇంటూ గుర్తు వేయండి. దానికి కుడివైపున, అదే ఎత్తులో, 8 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టి నల్లగా నింపండి. చుక్క వెడల్పు 1 సెంటీమీటరు, అంటే చిటికెనవేలి గోరంత. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ గుర్తును మాత్రమే చూస్తూ, కాగితాన్ని అర మీటరు దూరం నుంచి మెల్లగా దగ్గరకు తీసుకురండి. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర, అంటే స్కూలు స్కేలంత దూరంలో, చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్లీ వస్తుంది.

మాయం కాలేదంటున్నవారికి: చాలామంది విషయంలో చూపు తెలియకుండానే చుక్క మీదికి జారుతుంది. ఇంటూ గుర్తు మీద గట్టిగా నిలపండి. కాగితం ఒరిగినా, తల వంగినా చుక్క పైకో కిందికో తప్పిపోతుంది. చుక్కను 3 సెంటీమీటర్లకు పెంచేస్తే పూర్తిగా దాగదు. ఎడమ కంటితో చూడాలంటే కాగితాన్ని తలకిందులుగా తిప్పాలి. చుక్క ఎప్పుడూ చెవి వైపు ఉండాలి.

కంటి లోపల వెనకవైపున్న రెటీనా అనే తెర నుంచి సుమారు 10 లక్షల నరపు పోగులు ఒక్క కట్టగా మెదడుకు బయలుదేరే చోట వెలుగును పట్టే కణాలు లేవు. ఆ చోటే అంధ బిందువు. ఫ్రాన్సుకు చెందిన మారియట్ 1660లలో దీన్ని కనిపెట్టాడు. చూపు నిలిపిన చోటి నుంచి పక్కకు సుమారు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, వెడల్పు 5 డిగ్రీలకు పైనే. వరుసగా పెట్టిన పది పున్నమి చంద్రులు అందులో దాగిపోతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చుక్క పోయినప్పుడు అక్కడ ఏం కనిపించింది? నల్లటి గుంట కాదు, తెల్ల కాగితం. కాగితం వెనకవైపు మళ్లీ ఇంటూ గుర్తు వేసి, చుక్క ఉండాల్సిన చోటి మీదుగా నిలువుగా పొడవాటి గీత గీయండి. సరిగ్గా ఆ చోట 1 సెంటీమీటరు మేర గీత తెగి ఉండాలి. ఇందాకటిలాగే చూడండి. తెగిన గీత అతుక్కుని ఒకటిగా కనిపిస్తుంది. సమాచారం అందని చోట మెదడు ఖాళీ వదలదు, చుట్టుపక్కల ఉన్నదాన్నే పరిచేస్తుంది. అతుకు మనకు తెలియదు.

తాడును పాము అనుకున్నవాడికి దీపం తెస్తే భ్రమ పోతుందని మనవాళ్లు చెప్పారు. ఈ కంటి భ్రమలు అలా పోవు. తెలిసి చూసినా చుక్క మాయమవుతూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ తెలివికన్నా పద్ధతే ఎక్కువ పనికొస్తుంది.

ఈ మాట మ్యాచింగ్ సెంటర్లో పనిచేసేవారికి బాగా తెలుసు. జనరల్ బజార్లో చీరకు సరిపోయిందనుకున్న జాకెట్టు గుడ్డ ఇంటికొచ్చాక తేలిపోతుంది. రంగు ఒంటరిగా కనిపించదు, పక్కనున్న రంగు దాన్ని లాగుతుంది. జరీ అంచు పసుపు పక్కనున్న గుడ్డను కొంచెం నీలం వైపు నెడుతుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో నల్ల అద్దకం వెలవెలబోతోందని ఫిర్యాదులు వస్తే, అద్దకాల అధికారి షెవ్రెల్ పరీక్షించి లోపం రంగులో లేదని, పక్కన నేసిన నీలం, ఊదా పోగులే దాన్ని అలా చూపిస్తున్నాయని తేల్చాడు. దాని మీద 1839లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

అందుకని అంచును లోపలికి మడవండి. చీర ఒంటి భాగానికి జాకెట్టు గుడ్డను మధ్యలో సందు లేకుండా ఆనించండి. పట్టు అయితే రెండింటి పోగులూ ఒకే దిశలో ఉండాలి, లేకపోతే మెరుపు తేడా రంగు తేడాలా కనిపిస్తుంది. దళసరి కాగితానికి పంచింగ్ మిషన్‌తో పక్కపక్కన రెండు రంధ్రాలు చేసి, వాటిలోంచి చూస్తే చుట్టుపక్కల రంగుల ప్రభావం తెగిపోతుంది. ఇదంతా షాపు బయట, నీడపట్టున పగటి వెలుతురులో ఒకసారి, ట్యూబులైటు కింద మరోసారి. ఒక వెలుతురులో కలిసిన రెండు అద్దకాలు ఇంకో దానిలో విడిపోవచ్చు.

కన్ను చేరవేసినా మనసు పట్టించుకోనివి మరో రకం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఊపిరితిత్తుల స్కాన్లలో గడ్డల కోసం వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టుల ముందు, ఆ గడ్డలకన్నా ఎన్నో రెట్లు పెద్ద గొరిల్లా బొమ్మను ఒక స్కాన్‌లో కలిపారు. 20 మంది చూడలేదు. ఆ 20 మందిలో సగానికి పైగా వారి చూపు సరిగ్గా బొమ్మ మీదే పడిందని కంటి కదలికల రికార్డు చెప్పింది. వాళ్లు అజాగ్రత్తపరులు కారు. గడ్డల మీద పెట్టిన శ్రద్ధే గొరిల్లాను దాచింది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని జంట కొయ్యబొమ్మ ముందు నిలబడితే మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనకాల అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. దుంగ ఒక్కటే. అద్దం లేకపోతే ఎదుట నిలబడ్డవారికి ఆమె ఉన్నట్టే తెలియదు.

మన కంటికి అలాంటి అద్దం అత్యవసరమైన చోటు నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా. కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతిని, సాధారణంగా పక్క చూపు ముందు పోతుంది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు. పోయిన చోట నల్ల మచ్చ కనిపించదు. మెదడు పూడ్చేస్తుంది, రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు, పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడటానికే. కంటి ఒత్తిడి 21 mmHg లోపే ఉందని ఊరుకోకూడదు, ఆ లోపల ఉన్నవారికీ ఇది వస్తుంది. 40 దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఉన్నవారు, డాక్టరుతో నరాన్ని కూడా చూపించుకోవాలి.

అవసరమైతే పక్క చూపును పరీక్షించే ఫీల్డ్ టెస్ట్ రాస్తారు. ఒక కన్ను మూసి, మధ్య దీపాన్నే చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలా మెరుపులు కనిపించవు, కంగారు పడకండి. కనిపించీ కనిపించని హద్దు ఎక్కడుందో వెతకటానికే యంత్రం వెలుగును తగ్గిస్తూ పోతుంది. మధ్యమధ్యలో ఒక మెరుపును కావాలనే, ఇప్పుడు మీరు కాగితం మీద పట్టుకున్న అంధ బిందువులోనే వేస్తుంది. దానికి మీరు బటన్ నొక్కారంటే చూపు మధ్య దీపం నుంచి జారిందని యంత్రానికి తెలిసిపోతుంది. అలాంటివి ఎక్కువైతే ఆ రిపోర్టును నమ్మలేరు, మరో రోజు మళ్లీ చేయించుకోవాలి.