ఆడ్రా మెక్‌డొనాల్డ్: ఆరు టోనీలు సరే, టీవీలో ఆ గొంతేదండీ?

నమస్తే అండీ. ఇవాళ ఒక అమెరికన్ రంగస్థల నటి, గాయని కెరీర్ మొత్తం రివ్యూ. ఆడ్రా మెక్‌డొనాల్డ్‌ని మనవాళ్లు చాలామంది ‘ది గుడ్ ఫైట్’ టీవీ సిరీస్‌లో లాయర్ లిజ్‌గా చూసుంటారు, ఆమె పాడుతుందని కూడా తెలీకుండా. నా పేచీ అంతా అక్కడే.

ముందు లెక్క. 1993లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత, నాటక కళాశాలలో చదువు పూర్తి, ఒపెరా తరహా గాత్రం. మరుసటి ఏడే ‘కరోసెల్’ అనే మ్యూజికల్‌కి (పాటలతో నడిచే నాటకానికి) టోనీ, అంటే న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే పెద్ద థియేటర్ల నాటకాలకిచ్చే అవార్డు. 1996లో ఇంకోటి, 98లో మరోటి. 28 నిండకముందే మూడన్నమాట! తర్వాత 2004, 2012, 2014. నాటకం, మ్యూజికల్, లీడ్, సహాయ పాత్ర... నాలుగు నటన విభాగాల్లోనూ గెలిచింది ఈమె ఒక్కరే.

ఆ ఆరోది చూడండి, ‘లేడీ డే’. జాజ్ గాయని బిల్లీ హాలిడే పాత్ర. ఆడ్రాది పైస్థాయిలో హాయిగా తిరిగే సొప్రానో గొంతు. బిల్లీది తక్కువ రేంజ్, కాస్త ముక్కుతో పలికే గొంతు. కాబట్టి ఆడ్రా తనకున్నది దాచుకుని పాడాలి. బీట్ పడ్డాక ఒక క్షణం ఆగి మాట అందుకుంటుంది, పదం చివర స్వరాన్ని కిందికి జార్చేస్తుంది. మధ్యలో స్టేజీ లోపలికెళ్లి తిరిగొస్తుంది చూడండి, చేతి గ్లౌ కిందికి జారి మత్తుమందు ఇంజక్షన్ గుర్తులు కనిపిస్తుంటాయి. దాని గురించి ఒక్క మాట ఉండదు, పాట మాత్రం నడుస్తూనే ఉంటుంది. మన పద్యనాటకాల్లో హార్మోనియం శ్రుతి అందుకోగానే పాత్ర పక్కకెళ్లి గాయకుడు ముందుకొచ్చేస్తాడు, వన్స్ మోర్ కూడా ఆయనకే. ఇక్కడ పాత్ర కదలదు.

ఇక టీవీ. ‘ప్రైవేట్ ప్రాక్టీస్’ సిరీస్‌లో 2007 నుంచి 2011 దాకా డాక్టర్ నయోమి. చక్కగా చేసింది, కాదనను. కానీ ఆ డాక్టర్ పాత్ర ఇంకో మంచి నటి కూడా చేయగలదు. పైగా షూటింగ్ లాస్ ఏంజెలెస్‌లో, రంగస్థలం న్యూయార్క్‌లో. రెండూ ఒకేసారి కుదరవు. ఎందుకంటే బ్రాడ్‌వేలో వారానికి 8 షోలు.

టీవీ ఆమెని సరిగ్గా వాడుకుంది 2013 డిసెంబర్‌లో. ఎన్‌బీసీ చానెల్ ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ని లైవ్‌లో వేసింది. రీటేక్ లేదు, స్టూడియోలో ప్రేక్షకులూ లేరు. చప్పట్లు లేకపోతే స్టేజీ నటులకి చిక్కే, పాట అయ్యాక ఆ నిశ్శబ్దాన్ని నటనతోనే నింపాలి. చివరి వరసకి అందేలా ముఖం కదిలిస్తే క్లోజప్‌లో అతి అయిపోతుంది. క్రైస్తవ సన్యాసినుల మఠాధిపతిగా ఆమె బరువంతా ఊపిరి మీదే పెట్టింది.

అన్నీ హిట్లేనా అంటే, కాదు. 2016లో బ్రాడ్‌వే మ్యూజికల్ ‘షఫుల్ అలాంగ్’ ఏప్రిల్‌లో మొదలై జులైలోనే మూతపడింది. ఆమె గర్భవతి అయి సెలవు తీసుకోవాల్సి రావడంతో, ఆమె లేకుండా టికెట్లు తెగవని నిర్మాతలు ఆపేశారు. ఒక్క పేరు మీద షో నిలబెడితే వచ్చే చిక్కు ఇదే.

2024 డిసెంబర్‌లో బ్రాడ్‌వేలో ‘జిప్సీ’ మ్యూజికల్, పిల్లల్ని స్టేజీ ఎక్కించాలని పట్టుబట్టే తల్లి రోజ్‌గా. ఆ పాత్రని 1959లో బ్రాడ్‌వే గాయని ఎథెల్ మెర్మన్ గొంతుకి తగ్గట్టు కట్టారు, ఛాతీ స్వరాన్ని (మాట్లాడేటప్పటి గట్టి గొంతుని) అలాగే పైకి నెట్టి పాడే పద్ధతి. సొప్రానో ఒక ఎత్తు దాటాక తల స్వరంలోకి, అంటే పలచగా పలికే పై గొంతులోకి మారుతుంది. ఆ మార్పు వినబడిందని కొందరు పెదవి విరిచారు. నాకైతే ఆ చీలికే నచ్చింది. పిల్లల మీద అరిచి అరిచి అలసిపోయిన తల్లి గొంతు అలా చీలకపోతే ఎలా? టోనీ రాలేదు, అది వేరే సంగతి. నామినేషన్ మాత్రం పదకొండోది, నటుల్లో అదే రికార్డు.

మొదలుపెట్టేవాళ్లు హెచ్‌బీఓ తీసిన ‘లేడీ డే’ చూడండి, హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుని. న్యూజెర్సీ, న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఈసారి ఆమె షోకి వెళ్తే, ఆ రోజు ఎవరు రాలేదో రాసే బోర్డుని లాబీలో చూడండి. పోస్టర్‌లో షో పేరుకి పైన పేరున్న స్టార్ ఆ రోజు రాకపోతే, షో మొదలవ్వకముందే బాక్సాఫీసు దగ్గర డబ్బు వాపసుగానీ వేరే తేదీగానీ అడగొచ్చు. సీట్లో కూర్చుని మొదటి అంకం చూసేశాక అడిగితే ఇవ్వరు.