మైనపు బిళ్లలో విద్యుత్తు నిజంగా నిలిచిందా?

(దృశ్యం: మహబూబ్‌నగర్‌లోని ఒక ఇల్లు. బల్లపై ఒకేలా ఉన్న రెండు మైనపు బిళ్లలు.)

ఈ రెండు బిళ్లలూ ఒకే గిన్నెలో కరిగించి పోసినవే. ఒకటి వేల వోల్టుల విద్యుత్ క్షేత్రంలో గడ్డకట్టింది, రెండవది మామూలుగా చల్లారింది. మొదటిది అయస్కాంతం లాగా తన విద్యుత్ ధ్రువాలను చాలాకాలం నిలుపుకుంటే దానిని ఎలెక్ట్రెట్ అంటారు. ఆ పేరు పెట్టినది 1885లో ఆంగ్ల శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్. మైనంతో దానిని చేసి చూపినవారు జపాన్ శాస్త్రవేత్త మొటోటారో ఎగుచి. ఈ మాటలను రికార్డు చేస్తున్న కాలర్ మైకులోనూ అదే సూత్రం పనిచేస్తోంది. అందులో మైనానికి బదులు పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది.

(దృశ్యం: నీళ్ల గిన్నెలో చిన్న సిల్వర్ గిన్నె, అందులో కరుగుతున్న మైనం.)

ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 45 గ్రాములు, సోల్డరింగ్‌కు వాడే రోజిన్ 45 గ్రాములు, తేనె మైనం 10 గ్రాములు తీసుకున్నాం. అమ్రాబాద్ అడవుల్లో చెంచులు తేనె తీసే ప్రాంతం మనది కాబట్టి తేనె మైనం కోసం దూరం వెళ్లనక్కరలేదు. కార్నూబా సుమారు 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది, కనుక మరిగే నీటి వేడి చాలు. నేరుగా మంటపై పెడితే రోజిన్‌కు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

మందపాటి అట్టతో చేసిన వలయం అడుగున అల్యూమినియం రేకు పరచి, 5 మిల్లీమీటర్ల మందాన మైనం పోసి, పైన కాస్త చిన్న రేకు ఉంచాలి. రెండు రేకులూ ఒకే పరిమాణంలో ఉంటే అంచుల వద్ద మెరుపు దూకుతుంది. కరెంటు అతి తక్కువగా ఇచ్చే అయాన్ జనరేటర్ మాడ్యూల్ నుంచి, వరుసలో 10 మెగా ఓమ్‌ల నిరోధకం పెట్టి, 4 నుంచి 5 వేల వోల్టులు కలపాలి. పాత టీవీల హై వోల్టేజీ భాగాలను దయచేసి ఎవరూ ముట్టవద్దు, అవి ప్రాణం తీయగలవు. మైనం పూర్తిగా చల్లారేవరకు వోల్టేజీ తీయకూడదు. ఆ తరువాత స్విచ్ ఆపి, రెండు తీగలనూ పిడి ఉన్న వైరుతో కలిపి, అప్పుడే చేయి పెట్టాలి. ధన వైపు రేకు ఉన్న ముఖాన్ని గుర్తు పెట్టండి.

(దృశ్యం: గాజు సీసాలో అమర్చిన రేకుల ఎలెక్ట్రోస్కోపు, అంటే ఆవేశం దగ్గరకు వస్తే రేకు ఆకులు విచ్చుకునే పరికరం.)

రెండవ బిళ్ల అవసరం ఇక్కడే. రేకు ఒలిచినప్పుడు ఆ రాపిడికే మైనంపై ఆవేశం పుడుతుంది, కనుక ఎలెక్ట్రోస్కోపు ఆకులు విచ్చుకున్నంత మాత్రాన ఎలెక్ట్రెట్ తయారైందని నమ్మకూడదు. ప్లాస్టిక్ పిడి ఉన్న లోహపు మూతను బిళ్లపై ఆనించి, వేలితో ఒకసారి తాకి, ఎత్తి ఎలెక్ట్రోస్కోపు దగ్గరకు తేవాలి. రెండు బిళ్లలకూ, రెండు ముఖాలకూ ఇదే చేసి నమోదు చేయండి. ఆపైన కొవ్వొత్తి మంటకు కొంత ఎత్తున, మైనం కరగనంత వేగంగా బిళ్లను తిప్పితే, మంటలోని అయాన్లు, అంటే ఆవేశం ఉన్న కణాలు, ఉపరితల ఆవేశాన్ని కప్పేస్తాయి. అప్పుడు రెండు బిళ్లలూ చచ్చుబడినట్టే కనిపిస్తాయి. రెంటినీ రేకులో చుట్టి, రెండు ముఖాల రేకులూ ఒకదానికొకటి తాకేలా ఒకరోజు ఉంచి మళ్లీ కొలవండి. లోపల ధ్రువణం ఉన్న బిళ్ల కొంతవరకు తేరుకుంటుంది, మామూలు బిళ్ల తేరుకోదు. నా దృష్టిలో అసలు సాక్ష్యం ఇదే.

గాలిలో తేమ ఉంటే ఆవేశం కారిపోతుంది, కాబట్టి వానాకాలం కన్నా జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. వేసవిలో బిళ్లను నీడపట్టున ఉంచాలి. నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఎండ పడే కిటికీ దగ్గర మైనం మెత్తబడుతుంది, మెత్తబడితే ధ్రువణం సడలుతుంది.

(దృశ్యం: గుర్తు పెట్టిన ముఖం దగ్గరగా.)

మరొక విశేషం చూడండి. ధన రేకు ఆనుకున్న ముఖం తొలినాళ్లలో ఋణావేశాన్ని చూపవచ్చు, కొన్ని రోజుల తరువాత అదే ముఖం ధనావేశానికి మారవచ్చు. మైనం లోపలి అణువులు, అయాన్లు క్షేత్రానికి ఒరిగినందువల్ల వచ్చేది మొదటి ఆవేశం, రేకు నుంచి ఉపరితలంపైకి చేరినది రెండవ ఆవేశం. మొదటిది త్వరగా తగ్గిపోతే రెండవది బయటపడుతుంది. బ్రెజిల్‌లో బెర్న్‌హార్డ్ గ్రాస్ 1940లలో ఈ రెండింటినీ కలిపి వివరించారు. పొడి జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన సాధారణంగా ఋణావేశం పొందుతుంది. దానితో ఎలెక్ట్రోస్కోపును ఆవేశపరచిన తరువాత బిళ్ల ముఖాన్ని నేరుగా దగ్గరకు తెస్తే, ఆకులు మరింత విచ్చుకున్నప్పుడు ఆ ముఖం ఋణం, ముడుచుకున్నప్పుడు ధనం కావచ్చు. తేదీ వేసి, వారానికొకసారి ఇదే ముఖాన్ని కొలుస్తూ పోతే ఆ మార్పు ఏ వారంలో జరిగిందో మీ పుస్తకంలోనే కనిపిస్తుంది.