క్రెడిట్లు ఏ గడిలో పడ్డాయి?

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఒక్క ఐదు నిమిషాలు రేడియో దగ్గరకు పిలవండి. ఈ రోజు డిగ్రీ క్రెడిట్ల లెక్క చూద్దాం. ఒక తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకుంటే ఇంకా మంచిది.

మా రోజుల్లో బీఎస్సీ ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఏ ఏడాది ఏ పేపరో కాలేజీయే చెప్పేది. అన్నీ పాసైతే పట్టా చేతికొచ్చేది. ఇప్పుడు పద్ధతి మారింది. 2022 డిసెంబరులో, దేశంలో యూనివర్సిటీ చదువులకు నియమాలు పెట్టే యూజీసీ డిగ్రీ చదువుకు కొత్త క్రెడిట్ల చట్రం ఇచ్చింది. క్రెడిట్ అంటే పేపరు పాసైతే మన లెక్కలో జమయ్యే పాయింటు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే మేజర్, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు ఉండే పద్ధతి వచ్చింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. ఈ అంకెలు పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ 120 ఏయే గడుల్లో, అంటే ఏయే రకం కోర్సుల కింద పడాలో మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

రాసుకోండి. యూజీసీ లెక్క ప్రకారం మేజర్‌కి కనీసం 60. మైనర్‌కి, అంటే రెండో సబ్జెక్టుకి 24. మల్టీడిసిప్లినరీకి, అంటే మీ సబ్జెక్టులకు బయటి పేపర్లకు 9. భాషలకు 8. స్కిల్ కోర్సులకు 9. పర్యావరణం, విలువలు వంటివి చెప్పే వాల్యూ యాడెడ్ కోర్సులకు 6, ఇంటర్న్‌షిప్‌కి 4. కలిపితే సరిగ్గా 120. మీ యూనివర్సిటీలో అంకెలు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు, మీ సిలబస్ పుస్తకమే మీకు ప్రమాణం. మిరపచేనుకు పెట్టిన నీళ్లు వరిమడికి పారవు. ఒక గడిలో ఎక్కువైన క్రెడిట్లు కూడా అంతే, ఇంకో గడి లోటు తీర్చవు.

మా విద్యార్థిని ఒకమ్మాయి సంగతి చెబుతాను. చురుకైన పిల్ల, కంప్యూటరంటే ప్రాణం. నాలుగో సెమిస్టర్ అయ్యాక వచ్చి, "మేడం, నాలుగు సెమిస్టర్లకు 80 కావాలి కదా, నాకు 82 ఉన్నాయి. ఇంకో 38 చాలు" అంది. ముఖం వెలిగిపోతోంది. "చాలా బాగుందమ్మా. ఇంతకీ ఏ గడిలో ఎన్ని?" అన్నాను. ఇద్దరం కూర్చుని కాగితం మీద గడులు గీశాం.

మేజర్‌లో 36. మైనర్‌లో 20. భాషల్లో 6. మల్టీడిసిప్లినరీలో 3, వాల్యూ యాడెడ్‌లో 2. మరి స్కిల్ కోర్సుల్లో? 15! కావలసినవి 9. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే స్వయం పోర్టల్‌లో ఇష్టపడి చేసిన కోర్సులవి. మల్టీడిసిప్లినరీ పేపర్ల బదులు అవే సరిపోతాయనుకుంది. 82 నిజమే, కాని అందులో 6 పట్టాకు లెక్కలోకి రావు. అంటే ఇంకా రావలసినవి 44.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కోర్సులు దండగ కాలేదని చెప్పాను. నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోదు, అది నా గట్టి నమ్మకం. ఆ తర్వాత పెన్సిలు తీసుకున్నాం. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ పెట్టుకుంటే 4 తీరిపోతాయి. మిగిలినవి 40. ఐదో సెమిస్టర్లో మేజర్ 12, మైనర్ 4, మల్టీడిసిప్లినరీ 3, వాల్యూ యాడెడ్ 2, మొత్తం 21. ఆరులో మేజర్ 12, మల్టీడిసిప్లినరీ 3, భాష 2, వాల్యూ యాడెడ్ 2, మొత్తం 19. బరువే, కాని మోయగలిగిన బరువు. ఇదే సంగతి ఆరో సెమిస్టర్ చివర బయటపడి ఉంటే? కొన్ని పేపర్లు బేసి సెమిస్టర్లోనే చెబుతారు, కొన్ని సరి సెమిస్టర్లోనే. ఒకసారి తప్పిపోతే మళ్లీ ఏడాదికి గాని రావు.

ఈ గడుల పట్టికను ప్రతి కాలేజీ మొదటి సెమిస్టర్ మొదటి వారంలోనే పిల్లల చేతికివ్వాలి, నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇంట్లో కాలేజీ మొహం చూసిన పెద్దవాళ్లు ఎవరూ లేని పిల్లలు మన తరగతుల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు మనం కాక ఎవరు చెబుతారు? తల్లిదండ్రులారా, మార్కులెన్నని అడిగే నోటితోనే ఇదీ అడగండి: ఏ గడిలో ఎన్ని?

స్వయం కోర్సుల గురించి ఒక్క మాట. సర్టిఫికెట్ రావడం వేరు, ఆ క్రెడిట్లు మీ డిగ్రీలో కలవడం వేరు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవొచ్చని యూజీసీ 2021లో చెప్పింది. అయితే ఆ కోర్సును మీ యూనివర్సిటీ ఒప్పుకోవాలి. అందుకే చేరకముందే మీ మెంటర్‌ని, అంటే కాలేజీలో మీకు సలహా చెప్పే లెక్చరర్‌ని అడగండి. ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఏ గడిలో వేస్తారు? నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాయించుకోండి. మల్టీడిసిప్లినరీ పేపరు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి: మీ మేజర్, మైనర్‌లకు చెందిన ఇంటర్ పాఠాలనే ఆ గడిలో మళ్లీ చదవడం కుదరదు.

ఇక రిజిస్ట్రేషన్ రోజున ఆ గడుల కాగితం జేబులో ఉండాలి. ఎంచుకున్న ప్రతి పేపరు కోడ్‌నూ దాని గడిలో పెన్సిలుతో రాయండి. ఫలితాలొచ్చి, పాసయ్యాక పెన్నుతో దిద్దండి. తర్వాత డిజిలాకర్‌లో మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచి, మీ కాగితంలో ఉన్నవన్నీ అక్కడ పడ్డాయో లేదో చూడండి. ఒక్కటి తగ్గినా వచ్చే సెమిస్టర్ దాకా ఆగకండి, ఆ వారంలోనే కాలేజీ పరీక్షల విభాగానికి వెళ్లి అడగండి. నమస్కారం.